చివరి పెట్టెలో చందువ

జగ్గన్నవలస రైల్వే స్టేషను గోడల మీద ఎవరూ ఏమీ రాయరాదనీ, బొమ్మలు గీయరాదనీ, రాసినా గీసినా చట్టరీత్యా శిక్షార్హులనీ ప్రజలందరికీ ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఈ సంగతిని 2016 జనవరి మూడో వారంలో అదే స్టేషను గోడల మీద అడుగెత్తు ఎర్రటి అక్షరాలతో నలభై రెండు చోట్ల రాయించారు. అంతకు ముందు ఆ గోడల మీద అంత పెద్ద అక్షరాలు ఎవరూ రాసి ఉండలేదు కాబట్టి నిషేధం అందరినీ బాగా ఆకట్టుకుంది.

జగ్గన్నవలస అంటే కోటబొమ్మాళి దాటి విశాఖపట్నం వైపు వస్తుంటే తగిలే చిన్న స్టేషను. మ్యాపులో వెతకకండి, దొరకదు. నేను రాజాంలో ముప్ఫైయొక్క ఏళ్లు డ్రాయింగు మేష్టారుగా చేసి, రిటైరయ్యాక మా ఆవిడ పుట్టిన ఊరని ఇక్కడికి చేరినవాణ్ణి. డ్రాయింగు మేష్టారని అన్నానే గాని, ఆ ముప్ఫైయొక్క ఏళ్లలో నా పీరియడ్లు లెక్కల మేష్టార్లు లాక్కున్నారు, నన్ను జనాభా లెక్కలకీ ఓటర్ల జాబితాలకీ పంపారు. మిగిలిన సమయంలో పిల్లల చేత కుండ, మామిడిపండు, చిలక గీయించాను. ఈ అర్హతలు తర్వాత ఉపయోగపడ్డాయి కాబట్టి ముందే చెబుతున్నాను.

నిషేధానికి ముందు ఆ గోడల మీద ఉన్న సాహిత్యం తక్కువేం కాదు. ప్లాట్‌ఫారం మొదట్లో మొలలకు కోత లేకుండా మూడు రోజుల్లో విముక్తి. దాని పక్కన ఒక కోచింగు సెంటరు ద్వారా కానిస్టేబుళ్లైన ఐదుగురు కుర్రాళ్ల ఫొటోలు. మంచినీళ్ల కుళాయి పైన స్థానిక నాయకులు కొండబాబు గారి జన్మదిన శుభాకాంక్షలు, కుళాయి కింద ఆయనవే నూతన సంవత్సర శుభాకాంక్షలు. మధ్యలో కుళాయి ఉంది, నీళ్లు లేవు. మగవాళ్ల మరుగుదొడ్డి తలుపు మీద వెంకీ అనే అతను తులసి అనే అమ్మాయిని ప్రేమిస్తున్నట్టు మేకుతో చెక్కాడు. దాని కింద ఇంకెవరో ‘నేను కూడా’ అని చెక్కారు. అది తులసి దస్తూరీ అయి ఉండదని ఊళ్లో అందరూ ఒప్పుకుంటారు.

రైల్వే శుభ్రతా ప్రత్యేకాధికారి యుగంధర్ గారు కొత్తగా వచ్చారు. వయసు చిన్నది, ఉత్సాహం పెద్దది. ఆయన ఈ రాతలన్నిటినీ ఒక రోజంతా నడిచి పరిశీలించి, ఒక పట్టిక తయారు చేశారు. మొలలది ప్రజారోగ్య సమాచారం, కాబట్టి మినహాయింపు. కోచింగుది విద్యా వికాసం, మినహాయింపు. ప్రారంభోత్సవాల శిలాఫలకాలు ఐదున్నాయి, అందులో రెండు ఒకే కుళాయివి. అవి చరిత్ర. కొండబాబు గారివి శుభాకాంక్షలు. శుభాకాంక్షలను చెరపడం అశుభం గనుక వాటి జోలికి పోరాదు. మరి వెంకీ సంగతేమిటని నేను అడిగాను. ఆ తలుపు ఎలాగూ ఊడిపోతుందని, ప్రేమ దానితోపాటే పోతుందని ఆయన అన్నారు.

ఇలా అన్నిటికీ ఏదో ఒక పేరు దొరికింది. పేరు దొరకనిది ఒక్కటే మిగిలింది. అంత పెద్ద నిషేధం పెట్టాక దాన్ని మీరినవారు ఒక్కరైనా లేకపోతే ఆఫీసుకే చిన్నతనం కదా.

ఆ మిగిలింది పొద్దున్న ఆరూ నలభైకి వచ్చే పాసింజరులో ఉంది. దాని చివరి పెట్టెలో. తీరం నుంచి తొమ్మిది మంది బెస్త ఆడవాళ్లు చేపల బుట్టలతో వచ్చి మా స్టేషనులో ఆ పెట్టె ఎక్కుతారు. కొందరు పొందూరులో దిగుతారు, కొందరు చీపురుపల్లిలో, మిగిలినవాళ్లు గరివిడిలో. బండి మా స్టేషనులో ఆగేది రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో తొమ్మిది బుట్టలు, తొమ్మిది మంది మనుషులు ఎక్కాలి. అదీగాక ముందు దిగేవాళ్ల బుట్టలు తలుపు దగ్గర, చివర దిగేవాళ్లవి లోపల ఉండాలి. లేకపోతే పొందూరులో దిగాల్సిన నెత్తళ్లు గరివిడి పోతాయి.

ఇందుకోసం వాళ్లు ఏ అధికారినీ అడగకుండా ఒక ఏర్పాటు చేసుకున్నారు. పెట్టె లోపలి గోడ మీద ఒక్కొక్కరికీ ఒక్కొక్క గుర్తు. అది కొత్తగా పుట్టించింది కాదు. వాళ్ల వాళ్ల పడవ ముక్కు మీద ఉండే గుర్తే. దేముడమ్మది చందువ చేప, దాలమ్మది పీత, ఇంకొకరిది సగం చంద్రుడు. గుర్తు పక్కన ఒక గీత ఉంటే పొందూరు, రెండుంటే చీపురుపల్లి, మూడుంటే గరివిడి. బండి ఆగగానే ఎవరి బుట్ట ఎవరు అందుకుని విసిరినా అది సరైన చోట పడుతుంది. గుర్తున్న చోట మామూలు ప్రయాణికులెవరూ కూర్చోరు. అత్త పోతే గుర్తు కోడలికి వస్తుంది. మధ్యలో, పెద్దకర్మ అయ్యేదాకా, ఆ చోటు ఖాళీగా వదిలేస్తారు. బండి ఎంత కిక్కిరిసినా అక్కడ ఒక్క బుట్ట కూడా పెట్టరు. రైల్వే సమయ పట్టికలో ఉన్నవాటి కంటే ఈ గోడ మీద ఉన్నవే ఎక్కువ సార్లు నిజమయ్యేవి.

దేముడమ్మ ముప్ఫై ఏళ్లుగా ఆ చందువ కింద బుట్ట పెట్టి గరివిడి వెళ్తోంది. అక్కడ ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఆమె దగ్గరే చేప కొనే వాడుకిళ్లు పది ఉన్నాయి. పొయ్యి మీద అన్నం ఉడికే వేళకి చేప అందాలి, లేకపోతే ఆ పూటకి బేరం పోయినట్టే. హుద్‌హుద్ తుపానుకి వాళ్ల పడవ ముక్కలైపోయింది. పడవ పోయాక చందువ గుర్తు మిగిలింది ఆ చివరి పెట్టెలోనే. పడవకి వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా కూడా ఇంట్లో మిగిలింది. బొమ్మ వెలిసినప్పుడల్లా ఆ రంగుతోనే దిద్దుకునేది.

అలా దిద్దుకుంటూ ఉండగా పట్టుబడింది.

“ఓలమ్మో, నాను గియ్యడం నేదు బాబూ,” అంది రైల్వే పోలీసుతో. “ఎలిసిపోనాది. దిద్దతన్నాను అంతే.”

పోలీసు రాసుకున్న కాగితం నేను చూశాను. నేరం: ప్రభుత్వ ఆస్తి విధ్వంసం. స్వాధీనం చేసుకున్న సామగ్రి: కుంచె ఒకటి, నీలం రంగు డబ్బా ఒకటి, సాక్ష్యం నిమిత్తం చేపల బుట్ట ఒకటి. కుంచె, డబ్బా భద్రంగా బీరువాలోకి వెళ్లాయి. మూడో సాక్ష్యం మధ్యాహ్నానికి పోలీసు క్వార్టర్సులో పులుసైంది.

కేసు అక్కడితో ముగిసిపోయేదే. కాని ఆ వారంలోనే విశాఖపట్నం నుంచి కళా విమర్శకురాలు అనూరాధ గారు ఆ బండిలో ప్రయాణం చేశారు. మంచి మనిషి. ఎవరికీ కీడు తలపెట్టి ఎరగరు. మామూలు పెట్టెలో చోటు దొరక్క చివరి పెట్టె ఎక్కి, గోడ చూసి, చెప్పులు విప్పి నిలబడ్డారట. ఫొటోలు తీసి, పత్రికలో అరపేజీ వ్యాసం రాశారు. అందులో పీతని ‘ఆత్మరక్షణలో ఉన్న స్త్రీ’ అన్నారు. ఆ పీత పక్కన రెండు గీతలున్నాయి కాబట్టి ఆత్మరక్షణలో ఉన్న స్త్రీ చీపురుపల్లిలో దిగుతుందన్న సంగతి ఆవిడకి తెలియదు.

వ్యాసం పై ఆఫీసుకి చేరింది. అక్కడి నుంచి యుగంధర్ గారికి ఉత్తరం వచ్చింది. ఇది కళ అయితే కేసు ఎందుకు పెట్టారు? విధ్వంసం అయితే పత్రికలో ఎలా వచ్చింది? పదిహేను రోజుల్లో తేల్చవలసింది.

తేల్చడానికి సంఘం వేశారు. యుగంధర్ గారు అధ్యక్షులు. ప్రజల తరఫున కొండబాబు గారు. అనూరాధ గారు ప్రత్యేక ఆహ్వానితులు. కళా నిపుణులు ఒకరుండాలని నిబంధన ఉండటం చేత, ఐదు మైళ్ల లోపల డ్రాయింగు నేర్చినవాణ్ణి నేనొక్కణ్ణే కావటం చేత, నన్ను పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

స్టేషను వెయిటింగు హాల్లో విచారణ. మేం నలుగురం కుర్చీల్లో. దేముడమ్మ నిలబడి ఉంది.

“ఈ చిత్రరచనలో మీ ఉద్దేశం ఏమిటి?” అన్నారు యుగంధర్ గారు.

“సిత్రమేటి బాబూ, అది సందువ. మాదని తెలవాల గదా.”

“ఎవరికి తెలియాలి?”

“దాలమ్మకి తెలవాల, నా ఎంట సాయానికొచ్చే మా కోడలు రాజకుమారికి తెలవాల. బండి బేగి ఎల్లిపోద్ది. ఎవుల బుట్ట ఎవులు ఇసిరీసినా దాని తావులో అది పడాల.”

“సమష్టి సృజన,” అని అనూరాధ గారు రాసుకున్నారు.

“మీకు ఈ ప్రేరణ ఎక్కడి నుంచి కలిగింది?” అన్నారు కొండబాబు గారు, ఆ ప్రశ్న ముందే ఎవరో రాసిచ్చినందువల్ల.

“ప్రేరణంటే ఏటో నాకు తెలీదు బాబూ. మా అత్త గీసినాది, నాను దిద్దతన్నాను.” ఆమె కిటికీలోంచి కుళాయి వైపు చూపించింది. “నాకో మాట సెప్పండి. ఆ గోడ మీద ఈ బాబు బొమ్మ ఉన్నాది గదా. దానికి కేసు నేదేటి?”

యుగంధర్ గారు పట్టిక తీసి, ఓపిగ్గా, శుభాకాంక్షలకు మినహాయింపు ఉందనీ, వాటిని తొలగించే అధికారం స్టేషనులోనే కాదు, బండిలో కూడా ఎవరికీ లేదనీ వివరించారు. కొండబాబు గారు చిరునవ్వు నవ్వారు, గోడ మీద ఉన్నట్టే.

“అలగా,” అంది దేముడమ్మ.

తర్వాత సంఘం చివరి పెట్టెను స్వయంగా పరిశీలించింది. బండిని ఇరవై ఐదు నిమిషాలు ఆపారు. పరిశీలించినట్టు గుర్తుగా నల్లటి చెరగని సిరాతో గోడ మీదే సంతకాలు చేశాం. యుగంధర్ గారు హోదా, తేదీ కూడా రాశారు. కొండబాబు గారి సంతకానికి చోటు చాలక పీత కాళ్ల మీదికి వెళ్లవలసి వచ్చింది. నాది చందువ తోక పక్కన వచ్చింది, బాగానే కుదిరింది.

ఇక నిపుణుడి నివేదిక నేను రాయాలి. గీతల అర్థమేమిటో నాకు తెలుసు. విచారణ అయ్యాక టీ బడ్డీ దగ్గర దేముడమ్మే చెప్పింది: “మూడు గీతలంటే గరివిడి మేష్టారూ, ఇంకేటి నేదు. సంఘం బాబులకి మీరు సెప్పండి. మా తావు మాకుంటే సాలు.” నేను తలూపాను. ఇంటికి వచ్చి, ఆ మూడు గీతలు భూత భవిష్యద్వర్తమానాలకు సంకేతాలనీ, చందువ కన్ను తెరిచి ఉండటం కాలానికి సాక్షిగా నిలిచిన చైతన్యమనీ రాశాను. తెలిసే రాశాను. ముప్ఫైయొక్క ఏళ్లలో నన్నెవరూ దేంట్లోనూ నిపుణుడని పిలవలేదు. పిలిచిన మొదటిసారి ‘గరివిడి’ అని ఒక్క మాట రాసి సంతకం పెట్టడానికి మనసొప్పలేదు.

నా నివేదిక చదివి సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇది కళే. దేముడమ్మ మీద కేసు ఎత్తేశారు. బీరువాలోంచి కుంచె తిరిగి ఇచ్చారు. రంగు డబ్బా ఇవ్వలేదు, ఎందుకంటే కళాఖండాన్ని ఇకపై ఎవరూ ముట్టుకోకూడదు కదా.

కళ అని తేలాక దాన్ని కాపాడటం మొదలైంది. ముందు గోడకి ఇనప జాలీ కొట్టారు. జాలీకి మేకులు దిగడానికి సగం చంద్రుడు కొంత తగ్గాడు. తర్వాత ‘ఇది అరుదైన కళాఖండము, తాకరాదు’ అని బొమ్మల మధ్యన పసుపు రంగుతో రాయించారు. చేపల తేమ వల్ల రంగులు పాడవుతాయని అనూరాధ గారు బాధపడుతూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఆధారంగా, ఆ పెట్టెలోకి చేపల బుట్టలు తీసుకురావడాన్ని నిషేధించారు. ఈ నిషేధాన్ని పెట్టె బయట రాశారు. ఈసారి తెల్ల రంగు.

విధ్వంసం అన్న రోజుల్లో దేముడమ్మ పోగొట్టుకున్నది ఒక బుట్ట చేపలు. కళ అన్నాక పెట్టే పోయింది.

సన్మానం మాత్రం ఘనంగా జరిగింది. తొమ్మిది మందినీ పొద్దున్న ఆరింటికల్లా స్టేషను ముందు వేదిక దగ్గరికి రమ్మన్నారు. ఆరూ నలభైకి పాసింజరు వచ్చి వెళ్లింది. ముఖ్య అతిథి పదకొండున్నరకి వచ్చారు. బుట్టలు వేదిక వెనక ఎండలో ఉన్నాయి. ప్రసంగాలు సాగేకొద్దీ గాలి మారినప్పుడల్లా ముందు వరుసలోవాళ్లు జేబురుమాళ్లు తీశారు. అది భావోద్వేగం అనుకుని ఫొటోగ్రాఫరు చాలా ఫొటోలు తీశాడు.

కొండబాబు గారు ఇలా అన్నారు: “ఈ తల్లుల చేతిలో ఉన్నది కుంచె కాదు, మన ప్రాంత ఆత్మగౌరవ పతాక! ఈ రోజు ఒక చందువ రైలెక్కింది, రేపు ప్రపంచమెక్కుతుంది! ఈ కళను కాపాడటానికి నా చివరి రక్తపు బొట్టు వరకు పోరాడతానని, ఈ గోడల సాక్షిగా, ముఖ్యంగా కుళాయి వైపు గోడ సాక్షిగా, మాటిస్తున్నాను!”

శాలువాలు కప్పారు. జ్ఞాపికలు ఇచ్చారు, వాటి మీద కొండబాబు గారి బొమ్మ ఉంది. నాకూ ఒక శాలువా ఇచ్చారు. అది ఇప్పటికీ బీరువాలో ఉంది. తర్వాత దేముడమ్మని రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె మైకుని ఎడంగా పట్టుకుంది.

“సాలువ మంచిదే బాబూ. గానీ దీన్ని పరిసి సేపలమ్మలేం. మా పెట్టె మాకిచ్చీయండి. మాలో మనిసి సచ్చిపోతే పెద్దకర్మ దాకా ఆ తావు కాళీగా ఒగ్గీస్తాం. మేం తొమ్మిదిమందిమీ బతికే ఉన్నాం గదా. మా తావులెందుకు కాళీ సేసీసినారు?”

చప్పట్లు రెండు నిమిషాలు ఆగలేదు. సరిగ్గా బండి ఆగేంత సేపు. అనూరాధ గారు కళ్లు తుడుచుకుని, ఇది మౌఖిక కవిత్వం అన్నారు. యుగంధర్ గారు ఆ మాటలని అందమైన అక్షరాలతో స్టేషను గోడ మీద రాయించాలని అక్కడికక్కడే ఆదేశించారు. రాయించారు కూడా. చివరి ప్రశ్న మాత్రం స్థలాభావం వల్ల వదిలేశారు.

నెల తిరక్కుండా ఆ పెట్టెను బండి నుంచి విడదీసి, దూరంగా ఏదో ప్రదర్శనశాలకి తరలించారు. దాని స్థానంలో కొత్త పెట్టె తగిలించారు. లోపల గోడలు పాలలా ఉన్నాయి. బుట్టలు ఎక్కించుకోవచ్చు, అభ్యంతరం లేదు. గీయడమే కూడదు. ఏ బుట్ట ఎక్కడ పెట్టాలో గోడకీ తెలియదు, విసిరేవాళ్లకీ తెలియదు. గుర్తు లేదు కాబట్టి కాలేజీ కుర్రాళ్లు లోపలంతా పరుచుకుని కూర్చునేవారు. ఒకావిడ బుట్ట పొందూరులో దిగిపోయింది, ఆవిడ గరివిడిలో దిగింది. దాలమ్మకీ సగం చంద్రుడి ఆవిడకీ ముప్ఫై ఏళ్లలో రాని తగువు వారంలో రెండుసార్లు వచ్చింది. దేముడమ్మ బుట్ట అయితే మూడు రోజులు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. గరివిడి క్వార్టర్లవాళ్లు చూసి చూసి, మోటారు సైకిలు మీద చెరువు చేప తెచ్చేవాడి దగ్గర కొనడం మొదలెట్టారు.

“ఆలని అనుకోడానికేటి ఉన్నాది,” అంది దేముడమ్మ నాతో. “కూర కావాల గదా ఆలకి. ఇంకో నెల ఇలగే అయితే నన్ను మర్సిపోతారు మేష్టారూ.”

ఈలోగా స్టేషన్ల సుందరీకరణ పోటీ వచ్చింది. గోడల మీద బొమ్మలు గీయించాలని పై ఆఫీసు ఆదేశం. గీయరాదన్న నలభై రెండు నిషేధాలకి సున్నం కొట్టి, వాటి మీద గీయించారు. పని కొండబాబు గారి బావమరిదికి దక్కింది. ఆయన ఎక్కణ్ణుంచో చిత్రకారుల్ని పిలిపించి, ఇరవై అడుగుల బెస్త యువతిని వేయించాడు. తెల్లగా ఉంది. జడ నిండా మల్లెపూలు, మెడ నిండా నగలు, నెత్తి మీద బంగారు రంగు బుట్ట. బుట్టలో చేపలు నవ్వుతున్నాయి.

ఆ బొమ్మ నీడలోనే, బండి అందని ఒక రోజు, దేముడమ్మ బుట్ట దించి అమ్ముకుంటోంది. తలెత్తి కాసేపు చూసింది. “ఈయమ్మది ఏ ఊరో గాని, బుట్ట ఎత్తడం తెలీదు. నెత్తికీ బుట్టకీ మద్దెన సుట్టకుదురేది?” అంది. అంతలో పోలీసు వచ్చి, కళాఖండం ముందు కూర్చుంటే ఫొటోలో అడ్డొస్తుందని, చేపలవాళ్లు అక్కడ ఉండరాదని లేపేశాడు. పోటీలో మా స్టేషనుకి రెండో బహుమతి వచ్చింది. బెస్త జీవితాన్ని సజీవంగా చిత్రించినందుకు.

లేచిన దేముడమ్మ ఇంటికి వెళ్లలేదు. బుట్ట నెత్తికెత్తుకుని నేరుగా కొండబాబు గారింటికి వెళ్లింది. మర్నాడు ఆయనే అందరికీ చెప్పుకున్నారు. తొమ్మిది మంది మత్స్యకార మహిళలు ఆయన జన్మదినానికి శుభాకాంక్షలు తెలపాలని ఉవ్విళ్లూరుతున్నారట. చివరి పెట్టెలో బొమ్మలు అంటించుకుంటామని, ఒకేలాంటివి కాకుండా తొమ్మిది రకాలు ఇవ్వమని అడిగారట. “అడిగి మరీ పట్టుకెళ్లారండీ!” అన్నారాయన. ఆయన దగ్గర తొమ్మిదేం ఖర్మ, ముప్ఫై భంగిమలున్నాయి.

ఆ తర్వాత ఒక పొద్దున్న నేను చీపురుపల్లిలో పెన్షను పని ఉండి ఆ బండి ఎక్కాను. మామూలు పెట్టెల్లో చోటు లేక చివరిదాంట్లోకి వెళ్లాను. పాలలాంటి గోడ మీద వరసగా తొమ్మిది మంది కొండబాబులు. ‘పుట్టినరోజు శుభాకాంక్షలు, ఇట్లు మత్స్యకార మహిళలు’ అని అందరి కిందా ఉంది. బండి ఆగీ ఆగగానే బుట్టలు గాల్లోకి లేచాయి.

“నల్లద్దాలోడి కాడ ఎట్టీయ్!”

“దండేసుకున్నోడు దాలమ్మది!”

“ఒలే రాజకుమారీ, మన బుట్ట సేతులు జోడించినోడి కింద! లోపలికి, లోపలికి!”

రెండు నిమిషాల్లో తొమ్మిది బుట్టలూ వాటి చోట్లలో ఉన్నాయి. ఒక కాలేజీ కుర్రాడు చేతులు జోడించిన కొండబాబు కింద కూర్చోబోయి, పైకి చూసి, అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయాడు. రైల్వే పోలీసు తలుపులోంచి తొంగి చూసి, అన్నీ మినహాయింపులోనే ఉన్నాయని నిర్ధారించుకుని దిగిపోయాడు. బుట్టల్లోంచి నీళ్లు కారి కొండబాబు గారి పంచె అంచులు తడుస్తున్నాయి. ఆయన నవ్వుతూనే ఉన్నారు.

దేముడమ్మ నన్ను చూసి, కాస్త జరిగి చోటిచ్చింది. “కూకోండి మేష్టారూ. గరివిడోలు మళ్లీ మన కాడికి వొస్తన్నారు. పదిళ్లలో ఆరిళ్లు వొచ్చీసినాయి.”

సంతోషం అన్నాను. నిజంగానే సంతోషం వేసింది. ఆమె కోడలి భుజం తట్టి, గోడ మీద చేతులు జోడించిన మనిషిని చూపించింది.

“మా అత్త నాకు సందువనిచ్చి పోనాది. నాను నీకు ఈ సచ్చినోణ్ణిచ్చి పోతన్నానే.”

రాజకుమారి పకపకా నవ్వింది. దేముడమ్మ నవ్వలేదు. మెల్లిగా నాతో అంది: “మేష్టారూ, మీకు బొమ్మలెయ్యడం వొచ్చు గదా. మీ జేబులో పెన్నున్నాది. ఆయన కాలి కాడ, ఎవులికీ కనపడకుండా, సిన్న సందువ గీసీండి. ఏలంత సాలు. మా కోడలికి గురుతుంటాది.”

పెన్ను తీశాను. చేప గీయడం నాకు ఎంతసేపు? చిలక కంటే సులువు. కాని అది గీస్తే ఏ మినహాయింపు కిందికి వస్తుందో నాకు తెలియలేదు. అది సమాచారం కాదు, శుభాకాంక్ష కాదు, చరిత్ర కాదు. రిటైరైనవాణ్ణి, పెన్షను పని మీద వెళ్తున్నవాణ్ణి. వచ్చే స్టేషనులో పోలీసు ఎక్కుతాడేమో. “బండి ఊగుతోంది, గీత వంకర పోతుంది. ఇంకోసారి వేస్తాన్లే అమ్మా,” అన్నాను.

“అలగా,” అంది దేముడమ్మ. సంఘం ముందు అన్నట్టే అంది.

చీపురుపల్లి వస్తోందనగా ఆమె బుట్టకి చెయ్యి వేసుకుని కునుకు తీస్తోంది. అందరూ తలుపు వైపు తిరిగి ఉన్నారు. నా పక్కన, కొండబాబు గారి మోచేతి కింద, జానెడు తెల్లటి గోడ ఖాళీగా ఉంది. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. దిగేముందు, చక్కటి గుండ్రటి దస్తూరీతో, బండి ఊగుతున్నా ఒక్క గీత వంకర పోకుండా, నా పేరు రాశాను. కింద ‘రిటైర్డ్ డ్రాయింగు మేష్టారు’ అని కూడా రాశాను.

ఇది కళా, విధ్వంసమా అని నన్నడక్కండి. మీ పేరు ఏ బడి బల్ల మీద, ఏ బండి కిటికీ పక్కన, ఏ గుడి స్తంభం మీద చెక్కి ఉందో ముందు అక్కడికి వెళ్లి చూసుకుని రండి. తర్వాత సంఘం వేద్దాం. సభ్యుడిగా ఉండటానికి నేను సిద్ధం.